ర్యాంకుల పట్టిక పక్కన రోగుల సంఖ్య కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రతి ఏడాదీ నీట్ ఫలితాలు వచ్చాక, తెలంగాణలో మెడికల్ సీట్లు కేటాయించే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వాళ్లు, ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లు తెరిచే ముందు మీ పత్రికలో ఒక పెద్ద పట్టిక వేస్తారు. నిరుడు ఏ మెడికల్ కాలేజీలో, ఏ కేటగిరీలో, ఆఖరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో అందులో ఉంటుంది. పిల్లలున్న ఇళ్లలో ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు. 2025లో ఉప్పల్‌లోని మా తమ్ముడి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అది పదిహేను రోజులు అతికించి ఉంది. దాని నిండా పెన్సిల్ గీతలే. ఆ పట్టిక గురించే ఈ ఉత్తరం.

నేను నర్సుని. 1990లో ఉద్యోగంలో చేరి 2023లో హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఆ 33 ఏళ్లలో ఎక్కువ భాగం హైదరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే, మెడికల్ వార్డుల్లో, క్యాజువాలిటీలో గడిచింది. ఎన్ని బ్యాచ్‌ల హౌస్ సర్జన్లని, అంటే ఎంబీబీఎస్ చదువు ముగించి ఏడాది పాటు ఆసుపత్రిలో పని నేర్చుకునే పిల్లల్ని, చూశానో లెక్క లేదు. మొదటి రోజు సెలైన్ ఎక్కించే సూది, కాన్యులా, పట్టుకుని చేతులు వణికిన పిల్లలకి పక్కన నిలబడి నరం చూపించాను. అందుకే సీటు వచ్చిన రోజు ఇంట్లో పంచే స్వీట్ల కంటే, నాలుగున్నరేళ్ల తరవాత ఆ బిడ్డ వార్డులోకి ఎలా అడుగు పెడుతుందన్నదే నా మనసులో ఉంటుంది.

మా మేనకోడలు 2025 మే 4న నీట్ రాసింది. ఫిజిక్స్ దెబ్బకి సెంటర్ బయటికి వస్తూనే ఏడ్చింది. ఆ ఏడాది దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికే 720కి 686 మార్కులని తెలిశాక గానీ ఇంట్లో టెన్షన్ తగ్గలేదు. ఇంటర్‌కి విజయవాడ పంపాలనుకుని చివరికి మానుకున్నాడు మా తమ్ముడు. అదే మేలైంది. 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితేనే తెలంగాణ స్థానికత అన్న నిబంధనని సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. కోచింగ్ కోసం పక్క రాష్ట్రానికి పంపాలనుకునే తల్లిదండ్రులు ఆ మాట పిల్ల ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే తెలుసుకోవాలి.

ఆప్షన్లు తెరిచాక తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు రా, నీకు ఆసుపత్రులు తెలుసు కదా" అన్నాడు. వెళ్లాను. ల్యాప్‌టాప్ ముందు ముగ్గురూ కూర్చుని ఉన్నారు. తమ్ముడు ఆఖరి ర్యాంకు చూస్తున్నాడు, ఫీజు చూస్తున్నాడు. ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి 10 వేలు, ప్రైవేటులో ప్రభుత్వ ఫీజుకి ఇచ్చే కన్వీనర్ కోటా అయితే 60 వేలు, యాజమాన్య కోటా అయిన బీ కేటగిరీ అంటే 11 లక్షల పైమాట. మరదలు ఇంటికి ఎంత దూరమో చూస్తోంది. మేనకోడలు సీనియర్లు పెట్టిన క్యాంపస్ వీడియోలు చూపిస్తోంది. చివరికి రెండు కాలేజీల మధ్య ఆగారు. ఒకటి నగరం శివార్లలో ప్రైవేటుది, ఇంటి నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. రెండోది పక్క జిల్లాలో కొత్తగా వచ్చిన ప్రభుత్వ కాలేజీ, హాస్టల్లో ఉండాలి.

"ఆ ఆసుపత్రిలో మంచాలెన్ని? అందులో రోగులున్న మంచాలెన్ని?" అని అడిగాను. ముగ్గురూ నా మొహం చూశారు. ఫ్రిజ్ మీది పట్టికలో ఆ గడి లేదు.

నిబంధనలు ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 100 సీట్ల కాలేజీకి 420 మంచాలు, 150 సీట్లకి 605 మంచాలు ఉండాలి. ఏడాది మొత్తం మీద సగటున నూటికి 80 మంచాలు నిండి ఉండాలి. కాగితం మీద అందరూ నింపుతారు. తనిఖీల కోసం లంచాలు, కాగితాల మీద మాత్రమే ఉన్న ప్రొఫెసర్లు, తనిఖీ రోజున తెచ్చి పడుకోబెట్టిన రోగులు అన్న ఆరోపణలతో 2025లో సీబీఐ దేశవ్యాప్తంగా కేసు పెట్టిందన్న వార్త మీ పత్రికలోనే చదివాను. కేసు కోర్టులో తేలుతుంది. మేం మాత్రం రెండు రోజుల్లో ఆప్షన్లు పెట్టాలి. అందుకని మర్నాడు పొద్దున మేనకోడల్ని వెంటబెట్టుకుని బస్సెక్కాను.

ముందు ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. మంగళవారం, పదిన్నర, ఏ ఆసుపత్రిలోనైనా ఓపీ కిటకిటలాడే వేళ. గ్రానైట్ నేల అద్దంలా ఉంది. ఆడవాళ్ల మెడికల్ వార్డు మూడో అంతస్తులో. ముప్పై మంచాలు ఉన్నాయి, ఆరుగురు రోగులు ఉన్నారు. మిగతా మంచాల మీద దుప్పటి మడత నలగలేదు. సెలైన్ స్టాండ్లన్నీ ఒక మూలకి జరిపి ఉన్నాయి. నేను అలవాటు కొద్దీ డస్ట్‌బిన్ చూశాను. వాడిన దూది, కట్లు వేసే పసుపు సంచిలో ఏమీ లేదు. నడిచే వార్డులో పొద్దున ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు అయ్యేసరికి ఆ సంచి సగం నిండుతుంది. కారిడార్‌లో తెల్లకోట్లు వేసుకున్న పదిమంది పిల్లలు గోడకి ఆనుకుని ఫోన్లలో వీడియో పాఠాలు చూస్తున్నారు. వాళ్లని ఏమీ అనలేను. చూడటానికి రోగి లేనప్పుడు వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఆ మరుసటి రోజు జిల్లా ఆసుపత్రి. ఓపీ చీటీల వరస గేటు దాకా ఉంది. జ్వరాల సీజన్ కదా, కొన్ని మంచాల మీద ఇద్దరేసి పడుకున్నారు. అది మంచి సంగతని నేను చెప్పను, రోగికి అది కష్టమే. కాన్పుల గదిలో ఆ పూటకి నలుగురు నొప్పుల మీద ఉన్నారు. అక్కడి సిస్టర్‌తో మాట్లాడితే ఇంకో సంగతి కూడా తెలిసింది. రోగులకి లోటు లేదు, ప్రొఫెసర్లకే లోటు. ఒక విభాగంలో ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కరే, ఆయన కూడా వారంలో సగం రోజులు హైదరాబాద్‌లోనే. ఎంబీబీఎస్ తరవాత పై చదువు చదివే డాక్టర్లు, పీజీలు, ఇంకా రాలేదు కాబట్టి చిన్న చిన్న పనులు ఎంబీబీఎస్ పిల్లల చేతికే వస్తాయి, కానీ తప్పు చేస్తే దిద్దేవాళ్లు తక్కువ. ఈ రెండు మాటలూ మేనకోడలికి ఉన్నదున్నట్టు చెప్పాను. బస్సులో తిరిగొస్తూ అడిగింది: "అత్తా, అక్కడ సార్లు తక్కువ, ఇక్కడ పేషెంట్లే లేరు. ఏది తరవాత సరిచేసుకోవచ్చు?"

సార్లని ప్రభుత్వం నియమించొచ్చు, పుస్తకం చదువుకోవచ్చు, సీనియర్‌ని అడగొచ్చు. లేని రోగిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం? అప్పుడే నాకు 2022 అక్టోబరులో ఒక రాత్రి జరిగింది గుర్తొచ్చి ఆమెకి చెప్పాను. మీకూ చెప్తాను.

క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ. నల్లగొండ వైపు నుంచి ఒక పత్తి రైతుని తీసుకొచ్చారు. నలభై ఏళ్లు ఉంటాయి. "పొద్దంత చేన్ల ఉన్నడు సిస్టర్, ఎండకు పడిపోయిండు" అంది భార్య. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ బుద్ధిమంతుడు, క్లాసులో పైవరసలో ఉండే పిల్లవాడు. వడదెబ్బ అని కేస్ షీట్ మీద రాసి సెలైన్ పెట్టమన్నాడు. నేను నరం కోసం చెయ్యి పట్టుకున్నాను. చెమటకి చెయ్యి జారిపోతోంది. నోటి పక్క నుంచి చొంగ ఆగకుండా కారుతోంది. భుజాల దగ్గర కండలు సన్నగా అదురుతున్నాయి. అంగీ నుంచి ఒక వాసన. టార్చి వేసి చూస్తే కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవైపోయి ఉన్నాయి.

"అమ్మా, పొద్దున చేన్ల పురుగుమందు కొట్టిండా?"

"కొట్టిండు సిస్టర్, మూడు ట్యాంకులు."

"మూతికి గుడ్డ కట్టుకున్నడా?"

"లేదు. ఎప్పుడు కట్టుకోడు."

పైనున్న పీజీ డాక్టరమ్మని పరుగున పిలిచాం. అంగీ విప్పేసి, ఒళ్లంతా సబ్బు నీళ్లతో కడిగి, విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆరో రోజుకి ఆయన మంచం మీద కూర్చుని గంజి తాగాడు. తెల్లవారి ఆ హౌస్ సర్జన్ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సిస్టర్, పురుగుమందు విషం గురించి ప్రశ్న వస్తే నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్తాను. మనిషి మీద ఎలా ఉంటుందో ఇదే మొదటిసారి చూడటం" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని తప్పు కాదు. అతను చివరి ఏళ్ల క్లినికల్ పోస్టింగుల్లో, అంటే వార్డుల్లో రోగుల్ని చూసి నేర్చుకునే రోజుల్లో, ఉండగా కోవిడ్ వచ్చింది. 2020లో గాంధీ ఆసుపత్రి మొత్తాన్నీ కోవిడ్‌కే కేటాయించిన రోజులవి. నగరంలో మామూలు రోగులు ఆసుపత్రి గడప తొక్కడానికే భయపడ్డారు. ఆ బ్యాచ్ పిల్లలకి వార్డు పాఠాలు ఫోన్‌లో జరిగాయి.

అప్పుడంటే కోవిడ్. ఇప్పుడు ఏ కోవిడ్ లేకుండానే ఖాళీ వార్డుల్లో పిల్లలకి అదే జరుగుతోంది. నన్ను కలవరపెడుతున్నది ఇదే.

పుస్తకంలో ఉన్న మాటకీ రోగి నోటి మాటకీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివి వచ్చిన పిల్లలకి ఆయాసం అంటే తెలుస్తుంది. మా వార్డుకి వచ్చే పెద్దాయన ఆ మాట అనడు. "దమ్మొస్తున్నది బిడ్డా" అంటాడు. ఇంకొకరు "ఎగపోస్తున్నది" అంటారు. ఒళ్లు నొప్పులు అనరు, "పెయ్యంత గుంజుతున్నది" అంటారు. దాహం అనరు, "దూప" అంటారు. పాతబస్తీ నుంచి వచ్చే ఆమె "చక్కర్ ఆ రహా" అంటుంది. అది కళ్లు తిరగడమో, తూలిపోవడమో, ఒట్టి నీరసమో మళ్లీ నాలుగు ప్రశ్నలు వేస్తే గానీ తేలదు. మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని సిలబస్‌లో ఉంది, మంచిదే. కానీ ఆ నాలుగు ప్రశ్నలు వేయడం మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటేనే వస్తుంది. విదేశాల్లో చదివి ఇంటర్న్‌షిప్‌కి మా దగ్గరికి వచ్చిన పిల్లలు చాలామంది మొదటి రెండు నెలలు ఇక్కడే తడబడేవాళ్లు. ఆరేళ్లు వేరే దేశంలో, తమకి రాని భాష మాట్లాడే రోగుల మధ్య చదివి వచ్చారు మరి. కష్టపడే పిల్లలే, అందులో అనుమానం లేదు.

పెద్ద కాలేజీల్లో ఇబ్బంది ఇంకో రకం. ఉస్మానియాలో ఏడాదికి 250 మంది చేరతారు, గాంధీలో 250 మంది. ఉస్మానియా పిల్లలకి నగరమంతా బడే: అఫ్జల్‌గంజ్‌లో జనరల్ ఆసుపత్రి, పసిపిల్లల జబ్బులకి నీలోఫర్, కాన్పులకి పేట్లబురుజు, కళ్లకి సరోజినీదేవి, అంటురోగాలకి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, మానసిక వైద్యానికీ ఛాతీ జబ్బులకీ ఎర్రగడ్డ. అంత వైవిధ్యం ఇంకెక్కడా దొరకదు. కానీ ఒక్క మంచం చుట్టూ ముప్పైమంది నిలబడితే వెనక వరసలో ఉన్నవాళ్లకి ముందువాళ్ల జడలే కనిపిస్తాయి. అలాంటి చోట చేరిన పిల్లలకి నేనెప్పుడూ చెప్పే మాట, రౌండ్స్ కంటే గంట ముందు వార్డుకి రండి అని. ఎనిమిది గంటలకి రోగి కూడా తీరిగ్గా ఉంటాడు, సిస్టర్‌ని అడిగితే కేస్ షీట్ చూపిస్తుంది. ఇద్దరు రోగులతో మాట్లాడి ఉంటే, తొమ్మిదిన్నరకి సార్ అడిగే ప్రశ్న మీకు ముందే తెలుస్తుంది.

రెండో ఏడాది నుంచి పొద్దుటి పోస్టింగులు మొదలవుతాయి. క్లినికల్‌కి 80 శాతం హాజరు ఉండాలని నిబంధన ఉంది. హాజరు వేయించుకుని లైబ్రరీకి వెళ్లిపోయే పిల్లల్ని రోజూ చూశాను. పీజీ సీటు భయం. మూడో ఏడాది నుంచే నీట్ పీజీ కోచింగ్, హౌస్ సర్జన్సీకి వచ్చాక కేస్ షీట్ కింద పుస్తకం. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడను. 2024లో నీట్ పీజీని జూన్ 23న అని పెట్టి ముందు రోజు రాత్రి వాయిదా వేశారు. అప్పటికే వేరే ఊళ్లలోని సెంటర్లకి బయల్దేరిన పిల్లలున్నారు. చివరికి ఆగస్టు 11న జరిగింది. అలాంటి పరీక్ష తల మీద ఉంటే ఏ పిల్ల అయినా పుస్తకమే పట్టుకుంటుంది. అయినా నా మాట ఒకటే. పరీక్ష మళ్లీ రాయొచ్చు. హౌస్ సర్జన్సీ 12 నెలలు ఒక్కసారే వస్తాయి. మీ వెనక పీజీ, ఆయన వెనక ప్రొఫెసర్, పక్కన ఒక పాత సిస్టర్ ఉండగా మీ చేత్తో మీరు పని చేసే అవకాశం మళ్లీ రాదు.

తల్లిదండ్రులకి ఇంకో రెండు సంగతులు. ఆసుపత్రి చూడటానికి వెళ్లినప్పుడు హౌస్ సర్జన్ల డ్యూటీ రూమ్ చూపించమని అడగండి. తలుపుకి లోపల గడియ ఉందా, ఆడపిల్లలకి వేరే బాత్రూమ్ ఉందా, వార్డు నుంచి ఆ గదికి వెళ్లే దారిలో లైట్లు వెలుగుతాయా చూడండి. కోల్‌కతాలో 2024 ఆగస్టు 9న ఆసుపత్రి డ్యూటీలోనే అత్యాచారానికి, హత్యకి గురైన ఆ డాక్టర్ బిడ్డని తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. మా సర్వీసులో గడియ లేని గదిలో తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్న ఆడపిల్లల్ని చూశాను. గడియ కోసం నేను మూడుసార్లు కాగితం రాసిస్తే నాలుగో నెలకి పెట్టారు.

రెండోది స్టైపెండ్. ప్రభుత్వ కాలేజీ హౌస్ సర్జన్‌కి 2025లో పెంచాక నెలకి 29,792 రూపాయలు. మా పక్క వీధి అబ్బాయి ఒక ప్రైవేటు కాలేజీలో హౌస్ సర్జన్సీ చేశాడు. అతని ఖాతాలో నెలనెలా డబ్బు పడేది, అందులో చాలా భాగం మళ్లీ వేరే పేరుతో కట్టించుకునేవాళ్లు. సర్టిఫికెట్ ఆపేస్తారేమోనని తండ్రి నోరెత్తలేదు. చేరే ముందు అక్కడి ప్రస్తుత హౌస్ సర్జన్లని ఇద్దర్ని క్యాంటీన్‌లో పట్టుకుని అడిగితే ఇలాంటివి చెప్తారు.

మా మేనకోడలు జిల్లా కాలేజీలోనే చేరింది. ప్రొఫెసర్ల ఖాళీలు ఇంకా అలాగే ఉన్నాయని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తుంది. దాని మీద ఆ జిల్లా పిల్లల తల్లిదండ్రులు కలిసి అర్జీ పెట్టారు, తమ్ముడు కూడా సంతకం చేశాడు.

ఇక నా విన్నపం. మా ఇంట్లో రిటైరైన నర్సు ఉంది కాబట్టి పసుపు సంచి తెరిచి చూసింది. అందరి ఇళ్లలో ఉండరు. ఖమ్మంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న తండ్రి పనులు మానుకుని పది ఆసుపత్రులు తిరగలేడు. విశ్వవిద్యాలయం వారు ప్రతి కాలేజీకీ గడిచిన ఏడాది రోజుకి సగటు ఓపీ, నిండిన మంచాలు, నెలకి కాన్పులు, పెద్ద ఆపరేషన్లు, పనిచేస్తున్న ప్రొఫెసర్లు, హౌస్ సర్జన్‌కి నిజంగా చేతికి వచ్చే స్టైపెండ్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ అంకెలు కాలేజీ రాసిచ్చినవి కాకుండా, ఎవరైనా చెప్పకుండా వెళ్లి సరిచూసినవి కావాలి. ప్రభుత్వ కాలేజీలకీ ఇదే వర్తించాలి.

వాళ్లు పెట్టేదాకా మీరు ఆగనక్కర్లేదు. మీకు ప్రతి జిల్లాలో విలేకరులు ఉన్నారు. ఒకే వారంలో, ఒకే రోజున, పొద్దున పదిన్నరకి ఒక్కొక్కరు ఒక్కో ఆసుపత్రిలో మెడికల్ వార్డు, కాన్పుల వార్డు లెక్కపెట్టి పంపితే చాలు. మంచాలెన్ని, రోగులెంతమంది, రెండే అంకెలు. వాటిని ఆఖరి ర్యాంకు పక్కన వేయండి. మొదటి విడత వెబ్ ఆప్షన్లు తెరిచే రోజుకి ముందే వేయాలి. సీటు ఖరారై ఫీజు కట్టాక ఆ పేజీ చూసి ఆ ఏడాది పిల్లలు చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇట్లు,
విశ్రాంత హెడ్ నర్సు,
వారాసిగూడ, హైదరాబాద్